ట్రాక్టర్ ముచ్చట్లు: బ్లేడు ముందే ఉంటుంది, దాని భారం మాత్రం వెనక్కి పోవాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్లేడు గురించే. కోతలు దగ్గర పడ్డాయి కదా, కల్లంలో ఒడ్లు కుప్ప చేసుకోవడానికి పాత బండికి బ్లేడు పెట్టించుకుందామని కొందరు, ఎండాకాలానికి చెరువు మట్టి పరచడానికి ఇప్పటి నుంచే ఆలోచించేవాళ్లు కొందరు. వాటి మధ్యలో హనుమకొండ నుంచి ఒక పెద్దాయన మంచు తోసే బ్లేడు గురించి అడిగారు. మనకెందుకు మంచు సంగతి అనుకోకండి, ఆయన అడిగినదాంట్లో మన బండ్లకు పనికొచ్చే విషయం చాలా ఉంది, అందుకే దాన్నే ముందు పెట్టాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో బఫెలో ఊరి బయట ఇల్లు తీసుకున్నాడు. ఇంటి నుంచి రోడ్డు దాకా పొడుగు బాట ఉంది, కొంత కంకర బాట, కొంత తారు. చలికాలమంతా మంచు తోసుకోవాల్సిందేనట. పక్కింటాయన దగ్గర పాత గార్డెన్ ట్రాక్టర్, జాన్ డీర్ 318, తక్కువకే వచ్చిందని కొన్నాడు. ఇంకెవరి దగ్గరో బ్లేడు దొరికింది కానీ అది వేరే మోడల్ బండిదట. నువ్వు 20 ఏండ్లు ట్రాక్టర్ నడిపినవు కదా నాన్నా, చెప్పు అంటున్నాడు. ఇక్కడైతే ఏ వెల్డింగ్ షాపుకు తీసుకుపోయినా సాయంత్రానికల్లా బిగించి ఇస్తారు, అక్కడ ఎట్లా? ఇంకో మాట, బండి తేలిక, చక్రాలు జారుతాయేమో అంటే వెనక టైర్లలో నీళ్లు నింపుకోమని చెప్పాను. సరిగ్గానే చెప్పానా సార్?
— ఆత్మకూరు రైతు, ప్రస్తుతం హనుమకొండ

జవాబు: అన్నా, చివర అడిగినదానికి ముందు చెప్తాను. ఈ రోజే ఫోన్ చేసి నీళ్లు వద్దని చెప్పండి. మన దగ్గర దమ్ముకు పోయే బండ్లకు వాల్వు పైకి పెట్టి ముప్పావు వంతు నీళ్లు నింపడం మామూలే, బరువు కోసం అంతకంటే చవకైన దారి లేదు. కానీ బఫెలోలో చలికాలం ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది, నీళ్లు గడ్డ కట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, టైరు లోపల మంచుగడ్డ తయారై వాల్వు దగ్గర ట్యూబు చిరిగిపోవచ్చు, బండి కదిలితే చక్రం గుండ్రంగా తిరగదు. అక్కడివాళ్లు నీళ్లలో కాల్షియం క్లోరైడ్ కలిపి పోస్తారు, అది గడ్డ కట్టదు, నీళ్ల కంటే బరువు కూడా ఎక్కువ. కానీ అది ఉప్పు జాతి, ట్యూబు కారిందంటే రిమ్మును తినేస్తుంది. కారు అద్దాలు కడగడానికి వాడే గడ్డ కట్టని ద్రవం పోసేవాళ్లు ఉన్నారు, చక్కెర దుంపల రసం పోయించుకునేవాళ్లూ ఉన్నారు, అది తుప్పు పట్టించదు కానీ ఖర్చు. ఇవేవీ వద్దనుకుంటే రిమ్ములకు బోల్టులతో బిగించే ఇనుప బిళ్లలు దొరుకుతాయి, మీ వాడికి నేనైతే అవే చెప్తాను, చలికాలం అయిపోగానే విప్పి పక్కన పెట్టుకోవచ్చు.

ఇక బండి సంగతి. అక్కడ గడ్డి కోసే బండ్లలో రెండు రకాలున్నాయి. ఒకటి లాన్ ట్రాక్టర్, దాని ఫ్రేము రేకును వంచి చేసింది, గేర్‌బాక్సు కూడా చిన్నది, గడ్డి కోయడానికి తప్ప తోసే పనికి రాదు. రెండోది గార్డెన్ ట్రాక్టర్, మందమైన ఇనుప ఫ్రేము, గట్టి వెనక యాక్సిల్, పెద్ద వెనక చక్రాలు. మీ వాడు కొన్న 318 రెండో రకం. 1980లలో మొదలై 1990ల మొదటి దాకా వచ్చిన మోడల్, రెండు సిలిండర్ల ఓనన్ పెట్రోలు ఇంజిను, గేర్లు మార్చే పని లేని హైడ్రోస్టాటిక్ బండి, లిఫ్టు హైడ్రాలిక్. మంచు తోయడానికి ఈ హైడ్రోస్టాటిక్ చాలా సుఖం. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి, ఈ పనంతా అదే కదా, గేర్ల బండి అయితే ప్రతిసారీ క్లచ్ తొక్కి తొక్కి కాలు పోతుంది, క్లచ్ ప్లేటూ పోతుంది. పాతది కొన్నాడని బాధపడకండి, మంచి బండే దొరికింది.

బ్లేడు వేరే మోడల్‌ది అన్నారు. బ్లేడు అంటే ఒకటే వస్తువు అనుకుంటాం కానీ దాంట్లో రెండు భాగాలున్నాయి, మట్టినో మంచునో తోసే వంపు రేకు ఒకటి, దాన్ని బండి కింద నుంచి పట్టుకునే ఫ్రేము ఇంకొకటి. వంపు రేకు ఏ బండికైనా ఒకటే, దాంతో పేచీ లేదు. తేడా అంతా కింది ఫ్రేములో ఉంటుంది, అది ఒక్కో మోడల్‌కు ఒక్కో తీరుగా ఉంటుంది. కాబట్టి మీ వాడు బ్లేడు గురించి కాకుండా 318కి సరిపడే ఫ్రేము పాతది ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకాలి, ఆ బండ్లు అక్కడ చాలా తిరిగాయి కాబట్టి పాత సామాను దొరుకుతుంది. దొరికితే దొరికిన బ్లేడును దాని ముందు పిన్నులకు సరిచేయించుకోవడం చిన్న పని. దొరక్కపోతే ఫ్రేము చేయించాలి, అప్పుడు మాత్రం ఒక్క సంగతి మరిచిపోవద్దు: తోసేటప్పుడు వచ్చే దెబ్బ బండి ముందు భాగం మీద ఆగకూడదు. ఫ్రేము చేతులు రెండూ బండి కడుపు కింద నుంచి వెనక యాక్సిల్ దగ్గరి దాకా పోవాలి. బండిని నెట్టేది వెనక చక్రాలు, కాబట్టి బ్లేడుకు తగిలిన దెబ్బ సూటిగా వెనక యాక్సిల్‌కే చేరితే మధ్యలో ఉన్న ఏదీ వంగదు. ముందు బంపరుకు నాలుగు బోల్టులు పెట్టి బ్లేడు తగిలిస్తే తేలిక మంచు పడినన్ని రోజులు బాగానే నడుస్తుంది, ఒక రాత్రి తడి మంచు పడి గడ్డ కట్టిన రోజు ముందు ఫ్రేము వంకర పోతుంది. బండి ఫ్రేముకు కంపెనీవాళ్లు ఇచ్చిన రంధ్రాలనే వాడుకోమనండి, కొత్తగా వెల్డింగ్ చేయొద్దు. ఎక్కడైనా తప్పనిసరై చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ వైర్లు విప్పాలి. గడ్డి కోసే డెక్కు కూడా విప్పేయాలి, ఫ్రేము పోయే దారిలోనే అది ఉంటుంది.

వెడల్పు దగ్గర చాలామంది దెబ్బతింటారు. అక్కడ ఈ బ్లేడులు 42, 48, 54 అంగుళాల్లో వస్తాయి. మంచును పక్కకు పడేయాలంటే బ్లేడును ఒక పక్కకు తిప్పి పెట్టుకోవాలి, 30 డిగ్రీలు తిప్పితే 48 అంగుళాల బ్లేడు తుడిచే వెడల్పు సుమారు 41న్నర అంగుళాలకు పడిపోతుంది, 42ది అయితే 36కు. వెనక చక్రాల బయటి అంచుల మధ్య దూరం అంతకంటే ఎక్కువుంటే ఒక చక్రం తోయని మంచు మీద ఎక్కి నడుస్తుంది, జారేది అక్కడే. టేపు పెట్టి వెనక చక్రాల వెడల్పు కొలవమనండి, తిప్పిన బ్లేడు దానికంటే కాస్త ఎక్కువ రావాలి. అట్లని మరీ పెద్దది కూడా వద్దు. కొత్తగా పడిన పొడి మంచు ఘనమీటరు 50 నుంచి 100 కిలోలే ఉంటుంది కానీ తడిసి అణిగిందంటే 300 దాటుతుంది. 30 మీటర్ల బాట, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మంచు అనుకుంటే 13.5 ఘనమీటర్లు. పొడిది అయితే సుమారు 0.7 నుంచి 1.35 టన్నులు, తడిది అయితే 4 టన్నులు. ఒకే బాట, ఒకే ఎత్తు, బండికి పడే పని కనీసం మూడింతలు. మన ఒడ్లు ఘనమీటరు 550 నుంచి 600 కిలోలు ఉంటాయి, దాంతో పోల్చి చూసుకుంటే మీకే అర్థమవుతుంది. అందుకే మంచు మొత్తం పడి ఆగేదాకా చూడకుండా, పడుతుండగానే ఒకసారి, ఆగాక ఇంకోసారి తోసుకోవడం నయం. మొదటి మంచును బాట అంచు దాటించి బాగా దూరం తోయాలి, ఎందుకంటే అంచున వదిలిన కుప్ప గడ్డ కట్టి రాయి అవుతుంది, బఫెలోలో ఏడాదికి సగటున 90 అంగుళాలు దాటి మంచు పడుతుంది, ప్రతిసారీ కొంచెం కొంచెం ఇవతలికి వదిలితే సంక్రాంతి నాటికి కారు పట్టనంత ఇరుకు బాట మిగులుతుంది. తోసిన మంచును రోడ్డు మీద వదలొద్దు, అక్కడ చాలా రాష్ట్రాల్లో అది నేరం.

బ్లేడు వెనక స్ప్రింగులు ఉన్నాయో లేదో చూడమనండి. కింది అంచు రాయికో, తారు ఎత్తుపల్లాలకో తగిలినప్పుడు బ్లేడు ముందుకు వాలి దాటిపోయి, మళ్లీ స్ప్రింగు లాగితే యథాస్థానానికి వస్తుంది. ఆ స్ప్రింగును గట్టిగా బిగించేసి కదలకుండా చేసేవాళ్లు ఉంటారు, అట్లా చేస్తే స్ప్రింగు ఉన్నా లేనట్టే. కింద రెండు పక్కలా ఇనుప చెప్పుల్లాంటివి ఉంటాయి, ఎత్తు సరిచేసుకునేవి. కంకర బాట మీద నేల గడ్డ కట్టేదాకా వాటిని అంగుళం దాకా దించి బ్లేడును పైకి ఉంచాలి, లేకపోతే మంచుతో పాటు కంకరంతా తోటలోకి పోతుంది. తారు మీద ఆ అవసరం లేదు.

చక్రాలకు గొలుసులు తప్పనిసరి. గడ్డి మీద తిరిగే టైర్లకు పళ్లు ఉండవు, మంచు మీద అవి పట్టవు. గొలుసు అడ్డపట్టీలు దగ్గర దగ్గరగా ఉన్నవి తీసుకోవాలి, వేసిన తర్వాత కొంత దూరం నడిపి మళ్లీ బిగించాలి, ఫెండరుకు తగలకుండా ఖాళీ ఉందో చూసుకోవాలి. బరువు, గొలుసులు రెండూ ఉంటేనే పని, ఒక్కదాంతో సగం పనే. ఇంకొకటి, చలికి హైడ్రోస్టాటిక్ ఆయిలు చిక్కబడుతుంది కాబట్టి బండి స్టార్టు చేసి కొద్దిసేపు వేడెక్కనివ్వాలి, అయితే గ్యారేజీ తలుపు మూసుకుని లోపల మాత్రం నడపొద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఇది మాత్రం మీరు గట్టిగా చెప్పండి, పిల్లలు తండ్రి మాట ఈ ఒక్క విషయంలోనైనా వింటారు.

ప్రశ్న: అన్నా, మాది పాత మ్యాసీ 1035. కల్లంలో ఒడ్లు కుప్ప చేయడానికి, ఎండాకాలం చెరువు మట్టి పరచడానికి ముందు బ్లేడు పెట్టిద్దామని ఒక షాపులో అడిగాను. ముందు యాక్సిల్ పైనుండే సపోర్టుకే ప్లేటు వెల్డింగ్ చేసి బిగిస్తాం, బ్లేడును లేపే హైడ్రాలిక్ సిలిండరును ట్రాలీ లేపే పైపుకే కలుపుతాం, ఒక్క రోజు పని అన్నారు. ధర తక్కువే చెప్పారు కానీ నాకు టెన్షన్‌గా ఉంది. చేయించమంటారా?
— యువరైతు, వర్ధన్నపేట

జవాబు: వద్దు తమ్మీ. పైన పెద్దాయనకు చెప్పిన మాటే నీకు ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే గార్డెన్ ట్రాక్టర్‌కు కనీసం ఇనుప ఫ్రేము ఉంటుంది, మన పొలం ట్రాక్టర్లకు అసలు ఛాసిసే ఉండదు. ముందు సపోర్టు, దాని వెనక ఇంజిను, దాని వెనక క్లచ్ హౌసింగు, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్, వీటిని ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే బండి వెన్నెముక. అవన్నీ పోత ఇనుము. పోత ఇనుము బరువు మోస్తుంది కానీ గుంజినా, మెలితిప్పినా వంగదు, పగులుతుంది. ముందు సపోర్టుకు బ్లేడు తగిలించి మట్టి తోస్తే ప్రతి దెబ్బా ఇంజిను, క్లచ్ హౌసింగు కలిసే చోట పడుతుంది. మొదట అక్కడ ఆయిలు చెమ్మ కనిపిస్తుంది, ప్యాకింగు పోయిందనుకుంటాం, బోల్టులు బిగిస్తాం, మళ్లీ వదులవుతాయి. పగులు బయటపడేసరికి బండిని మధ్యలోకి విడగొట్టాల్సి వస్తుంది, ఆ ఖర్చుతో మంచి ఫ్రేములు రెండు చేయించొచ్చు. ఇక పోత ఇనుము మీద మామూలు రాడ్డుతో వెల్డింగ్ అంటే అది వెల్డింగే కాదు, పట్టినట్టు కనిపిస్తుంది, పక్కన గీత పగులుతుంది.

ఎట్లా చేయించాలంటే, బండికి రెండు పక్కలా 100 బై 50 మిల్లీమీటర్ల ఇనుప ఛానెల్ చేతులు వెనక యాక్సిల్ హౌసింగు దాకా పోవాలి, అక్కడ ప్లేటు పెట్టి యూ బోల్టులతో పట్టుకోవాలి. ముందు సపోర్టు దగ్గర ఆ చేతులు పక్కకు ఊగకుండా మాత్రమే పట్టుకుంటే చాలు, కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లోనే బోల్టులు, 8.8 మార్కు ఉన్నవి తీసుకో, బోల్టు తల మీద రాసి ఉంటుంది, ఏ మార్కూ లేని బోల్టు ఇస్తే వెనక్కి ఇచ్చెయ్. బిగించాక షాపు నుంచి కదిలే ముందు ఒక పరీక్ష చెయ్. మన బండ్ల ముందు యాక్సిల్ మధ్య పిన్ను మీద అటు ఇటు ఊగుతుంది, గెట్లు ఎక్కి దిగడానికి. ఒక ముందు చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించి, స్టీరింగు చివరి దాకా అటు ఇటు తిప్పి చూడు, యాక్సిల్ గానీ, టై రాడ్డు గానీ, టైరు గానీ ఫ్రేముకు ఎక్కడా తగలకూడదు. తర్వాత రెండో చక్రం. ఫ్రేము విప్పకుండానే ఇంజిన్ ఆయిలు మార్చడానికి, ఫిల్టరు తీయడానికి చెయ్యి పట్టాలి. ఇవి చూడకుండా డబ్బులివ్వొద్దు.

బరువు లెక్క ఒకటి చెప్తాను, షాపువాళ్లు చెప్పరు. బ్లేడు, దాని ముందు భాగం కలిపి 200 కిలోలు అనుకో. ముందు యాక్సిల్‌కు 90 సెంటీమీటర్లు ముందుకు వేలాడుతోంది, రెండు యాక్సిళ్ల మధ్య 180 సెంటీమీటర్లు. అప్పుడు ముందు యాక్సిల్ మీద పడేది 200 కాదు, 300 కిలోలు. ఆ అదనపు 100 వెనక యాక్సిల్ నుంచి లేచి వచ్చిన బరువు. అంటే పట్టు కావాల్సిన వెనక చక్రాలు తేలికవుతాయి, 6.00-16 ముందు టైర్లు, పాత కింగ్ పిన్నులు, బేరింగులు మాత్రం నలిగిపోతాయి, పవర్ స్టీరింగు లేని బండి అయితే చేతులు కూడా. అందుకే బ్లేడును వీలైనంత దగ్గరకు పెట్టించు, అవసరం లేని మందం వద్దు. వెనక లిఫ్టుకు ఇసుక బస్తాల పెట్టెనో, కల్టివేటరునో తగిలించుకో, చక్రాల్లో నీళ్లు నింపుకో. వరంగల్‌లో నీళ్లు గడ్డ కట్టవు, మనకు ఆ భయం లేదు.

హైడ్రాలిక్ మాటకొస్తే ట్రాలీ పైపుకు కలపడం తప్పు కాదు, ఆ మాట షాపువాళ్లు సరిగ్గానే చెప్పారు. ఆ పైపు ఆయిలును పంపి లేపుతుంది, దించేటప్పుడు బ్లేడు తన బరువుతోనే దిగుతుంది. ఒడ్లకు, వదులు మట్టికి అంతకంటే అక్కర్లేదు. రెండు వైపులా ఆయిలు పోయి బ్లేడును నేలకు అదిమే సిలిండరు, లివర్ వాల్వు పెట్టిస్తే ఇంకా బాగా తవ్వుతుందని ఆశ పెడతారు. 63 మిల్లీమీటర్ల సిలిండరు 150 బార్ ఒత్తిడి దగ్గర దాదాపు 4.8 టన్నుల బలం ఇస్తుంది, నీ బండి మొత్తం బరువే దాంట్లో సగం కూడా ఉండదు. అంత బలంతో అదిమితే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి, ఫ్రేము మెలితిరుగుతుంది. పాత బండికి తనంతట దిగే బ్లేడే రక్ష. రెండు పోర్టులున్న సిలిండరును ఇట్లా ఒక వైపే వాడితే రెండో పోర్టును మూసేయకుండా గాలి తీసుకునే బ్రీదరు పెట్టించు, దుమ్ము లోపలికి పోకుండా. ఆయిలు కూడా చూసుకో, ఈ సైజు సిలిండరు 30 సెంటీమీటర్లు సాగితే లీటరుకు కాస్త తక్కువ తాగుతుంది, అది వచ్చేది గేర్‌బాక్సు ఆయిలులో నుంచే. బ్లేడు దించి పెట్టి గేజీ చూడు.

కింది అంచును బోల్టులతో మార్చుకునేట్టు పెట్టించు. మట్టికి లారీ కమాను పట్టీ ముక్క సరిపోతుంది, ఆ ఉక్కు మామూలు రేకు కంటే చాలాకాలం వస్తుంది. ఒడ్లకు అది విప్పి అవే రంధ్రాలకు పాత కన్వేయర్ బెల్టు ముక్క బిగించు, గింజ నలగదు, కల్లం సిమెంటు గీరుకుపోదు. భూపాలపల్లి, గోదావరిఖని వైపు స్క్రాప్ దుకాణాల్లో బెల్టు అడిగి చూడు. ఒడ్లు తోసేటప్పుడు కుప్ప మీదికి చక్రం ఎక్కించొద్దు, ఎక్కిన ప్రతిసారీ నూకలు పెరుగుతాయి. నిండా తోయకుండా బ్లేడు ఎత్తులో సగం మేర తోసుకుంటూ పోతే బండికీ సుఖం, గింజకూ సుఖం.

చెరువు మట్టి గురించి ఒక్క మాట. 2015లో మిషన్ కాకతీయ వచ్చినప్పటి నుంచి మన చలకలకు ఈ మట్టి తోలడం బాగా పెరిగింది, మంచిదే. కానీ ట్రక్కులోంచి పోసిన కుప్పను ఆరిన వెంటనే పరచాలి, నెల రోజులు ఎండనిస్తే అది ఇటుకే. ఎండిన గడ్డలను పగలగొట్టే పని బ్లేడుది కాదు, ముందు కల్టివేటరు తిప్పి ఆ తర్వాత పరుచు. మొద్దులు, బండరాళ్లు ఉన్న చోటికి ఈ బ్లేడుతో అసలు పోవద్దు, దానికి జేసీబీని గంట లెక్కన పిలుచుకోవడమే చవక.

రోడ్డు మీదికి పోయేటప్పుడు బ్లేడు విప్పుకుని పో. బండి నిర్మాణాన్ని మార్చడం మీద మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. పిన్నులు తీస్తే పది నిమిషాల్లో ఊడే తీరుగా చేయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు. లేపిన బ్లేడు కిందికి ఎవరూ పోవద్దు, పైపు పగిలితే అది ఎవరి కోసమూ ఆగదు.

ప్రశ్న: మామిడి తోటలో తిరగడానికి 18 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ ఉంది, పాతదే. ఆకు, కొమ్మలు, పెంట ఒక చోటికి తోయడానికి ముందు బ్లేడు పెట్టొచ్చా?
— మామిడి రైతు, జగిత్యాల

జవాబు: పెట్టొచ్చు కానీ నేనైతే పెట్టను. మినీ బండి బరువు టన్ను కూడా ఉండదు, ముందు 100 కిలోలు వేలాడదీస్తే స్టీరింగు చచ్చిపోతుంది. పైగా చెట్ల మధ్య మలుపులు ఎక్కువ, ముందుకు పొడుచుకొచ్చిన బ్లేడు కొమ్మలకు, డ్రిప్పు పైపులకు తగులుతుంది. వెనక మూడు లింకులకు తగిలించే బ్లేడు తీసుకోండి, చిన్న బండ్లకు కింది పిన్ను 22 మిల్లీమీటర్లది వస్తుంది, పెద్ద బండి బ్లేడుకు 28 మిల్లీమీటర్ల పిన్ను ఉంటుంది, కొనేముందు అది కొలుచుకోండి, బుష్షులు పెట్టి సర్దేస్తాం అంటే కొద్ది రోజులకే లొడలొడ మంటుంది. తోయాల్సిన చోట బ్లేడును వెనక్కి తిప్పి పెట్టుకుని రివర్సులో తోయండి. మెడ నొప్పి వస్తుంది, నిజమే, కానీ బండి బాగుంటుంది.

ప్రశ్న: వెనక బ్లేడుతో మడి చదును చేస్తుంటే నేల అలలు అలలుగా వస్తోంది. లివరు ఒకచోట పెట్టినా బ్లేడు దానంతట అదే లేస్తోంది, దిగుతోంది. లిఫ్టు పోయిందని మెకానిక్ అంటున్నాడు, విప్పాలట.
— రైతు, జమ్మికుంట

జవాబు: విప్పించకండి, ముందు లివర్లు చూడండి. మీ బండికి రెండు లివర్లు ఉంటాయి, ఒకటి డ్రాఫ్టు, ఒకటి పొజిషన్. డ్రాఫ్టు లివరు నాగలి కోసం, నేల గట్టిగా తగిలి లాగుడు పెరిగితే లిఫ్టు దానంతట అదే కొంచెం పైకి లేపి, భారం తగ్గగానే దించుతుంది. నాగలికి అది వరం, బ్లేడుకు శాపం. బ్లేడు పనికి పొజిషన్ లివరే వాడాలి. అయినా అలలు వస్తుంటే టాప్ లింకు, అంటే బ్లేడును పై నుంచి పట్టుకునే మధ్య కడ్డీ, చూడండి. టాప్ లింకు పొడవు మార్చి బ్లేడు మరీ ముందుకు గుచ్చుకోకుండా కొంచెం వాలేట్టు పెట్టుకోండి. పక్క గొలుసులు వదులుగా ఉంటే బ్లేడు అటు ఇటు ఊగుతూ గీతలు పెడుతుంది, బిగించుకోండి. మూడో గేరు వేసి ఉరికించినా అలలే వస్తాయి. ఇవన్నీ చేసి, ఇంజిను ఆపి, బ్లేడు లేపి వదిలి చూడండి, పది నిమిషాల్లో నేలకు దిగిపోతే అప్పుడు మెకానిక్ చెప్పింది నిజం, లోపల సీళ్లు పోయాయి.

ప్రశ్న: మా అమ్మాయి మిన్నెసోటాలో ఉంటుంది. రెండు కార్లు పట్టేంత చిన్న బాట. అల్లుడు పాత ట్రాక్టర్, బ్లేడు కొంటానంటున్నాడు. అవసరమా అండీ?
— గృహిణి, కాజీపేట

జవాబు: అవసరం లేదమ్మా. ట్రాక్టర్ మలుపు తిరగడానికే ఆ బాట చాలదు, తోసిన మంచును పెట్టడానికి చోటు కావాలి, అది కూడా లేకపోతే బ్లేడు దండగ. చేత్తో పట్టుకుని నడిపించే స్నో బ్లోయరు సరిపోతుంది, అది మంచును పక్కకు ఎగజిమ్ముతుంది కాబట్టి కుప్ప బాట మీద పేరుకోదు. దాని నోట్లో మంచు ఇరుక్కుంటే ఇంజిను ఆపి, కర్రతో తీయాలి, చెయ్యి పెట్టొద్దు, అక్కడ ఏటా వేళ్లు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. మీరు చలికాలంలో వాళ్ల దగ్గరికి పోయినప్పుడు మీవారు పార పట్టుకుని సాయం చేస్తానని బయటికి పోతానంటే మాత్రం ఆపండి, చలిలో తడి మంచు ఎత్తడం గుండెకు చాలా బరువు పని, బీపీ ఉన్నవాళ్లకు అసలు పనికిరాదు. అల్లుడు గారికి ట్రాక్టర్ మీద అంత మోజు ఉంటే ఈసారి కోతలకు ఊరికి రమ్మనండి, నడపడానికి మనకు బండ్లకేం తక్కువ లేదు.